యువజనుల వేషభాషలు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



నేటి యువజనులనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు నన్ను కోరిరి. ఈ విషయముపై మాటాడువారు సాధారణముగా క్రమశిక్షణతో ప్రారంభించి క్రమశిక్షణతోనే ముగింతురు. క్రమశిక్షణ అక్కరలేదని నేననను. కాని మన బరంపురములోని ఇండ్లలో అనుదినము వినవచ్చు ఫిర్యాదు అంతకంటె సూక్ష్మమైనది. పిల్లవాని జుట్టు పెద్దలకు నచ్చదు. తొడుగుకొను బట్ట నచ్చదు. మాటాడు మాట అటు శుద్ధమైన తెలుగును కాదు, ఇటు శుద్ధమైన ఒడియాయును కాదు. సెల్‌ఫోనులో వ్రాయు తెలుగు ఇంగ్లీషు అక్షరములలో నుండును. "వీడు ఎవరి బిడ్డయో తెలియకున్నది" అని తండ్రి విసుగుకొనును. తల్లి నడుమ నిలిచి ఇరువురికిని సర్దిచెప్పును.

ఇందుకు మన ఊరి ఉదాహరణము చెప్పినచో ఎవరి బిడ్డనో వ్రేలుపెట్టి చూపినట్లగును. పరాయివారి బిడ్డల విషయమున మన చూపు నిష్పక్షపాతముగా నుండును. కావున అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున 1943లో జరిగిన ఒక వృత్తాంతమును మీ ముందుంచెదను. అది మనవలెనే భాషాల్పసంఖ్యాకులైన వారి పిల్లల కథ.

లాస్ ఏంజెలిస్ ఉన్న కాలిఫోర్నియా ప్రాంతము 1848 వరకు మెక్సికో దేశములోనిది. యుద్ధానంతరము జరిగిన గ్వాడలూపే ఇడాల్గో సంధివలన అది అమెరికాకు చెందినది. అక్కడి స్పానిషు భాషీయులు తమ ఇండ్లలోనే యుండిరి. సరిహద్దు మాత్రము వారి మీదుగా దాటిపోయెను. ఈ మాట మనకు వివరించి చెప్పనక్కరలేదు. మన బరంపురము ప్రాంతము 1936 మార్చి నెలాఖరు వరకు మద్రాసు రాజధానిలో నుండి, ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రములో చేరినది. మన తాతలును ఇల్లు కదలక యే అల్పసంఖ్యాకులైరి. అయితే కాలిఫోర్నియాలో ఈ పాతకాపులకంటె, 1910లో మెక్సికోలో విప్లవము చెలరేగిన పిదప పని వెదకికొనుచు వచ్చినవారి సంఖ్య చాల పెద్దది. వారు రైలుమార్గములు వేసిరి. నారింజ, నిమ్మ తోటలలో కాయలు కోసిరి. ఇటుకల బట్టీలలో పనిచేసిరి.

పని కావలసినపుడు వారిని రమ్మనిరి. 1930 తరువాత ఆర్థికమాంద్యము ముదిరినపుడు లక్షలాది మందిని రైళ్ల కెక్కించి మెక్సికోకు పంపివేసిరి. అట్లు పోయినవారిలో అమెరికాలోనే పుట్టి అమెరికా పౌరులైన పిల్లలు ఎందరో కలరు. మిగిలినవారి పిల్లలకు అనేక పట్టణములలో "మెక్సికను పాఠశాల" అను పేర వేరు బడి యుండెను. ఆ బడిలో స్పానిషు నేర్పెదరని తలపకుడు. అచ్చట స్పానిషులో మాటాడిన పిల్లవానికి దండన. భాషను కారణముగా చూపి వేరుచేసిరి. వేరుచేసిన పిదప ఆ భాషనే నోట రానీయలేదు. ఈదు కొలనులలో వారికి వారమున కొక్కదినము మాత్రమే ప్రవేశము. అదియును సాధారణముగా నీరు మార్చుటకు ముందటి దినము. అనేక సినిమాశాలలలో వారికి కూర్చుండు చోటు వేరు.

ఆ పిల్లలు ఇంట స్పానిషు వినుచు, వీధిలో ఇంగ్లీషు వినుచు పెరిగిరి. తల్లిదండ్రుల స్వగ్రామమునకు పోయినచో అక్కడివారు వీరిని "పోచో" అని వెక్కిరింతురు. రంగు వెలిసిన మెక్సికనువాడని ఆ మాటకు తాత్పర్యము. అమెరికావారికి మాత్రము వీరు ఎన్నటికిని మెక్సికనులే. మన సామెతలోని రెంటికి చెడ్డ రేవడివలె నుండెను వారి స్థితి. అట్టి పిల్లలు 1940 ప్రాంతమున తమకొక వేషమును, తమకొక భాషను కల్పించుకొనిరి. వారికి "పచూకో" లని పేరు వచ్చెను. ఆడపిల్లలను "పచూకా" లనిరి.

వారి వేషమునకు జూట్ సూటు అని పేరు. మోకాళ్లదాక దిగిన పొడవైన కోటు. దూది పొదిగి వెడల్పు చేసిన భుజములు. రొమ్ముదాక ఎత్తి కట్టిన లాగు. అది మోకాళ్లయొద్ద వదులై చీలమండయొద్ద బిగుసుకొనును. వెడల్పు అంచుగల టోపీ. నడుము నుండి మోకాలి క్రిందుగా వ్రేలాడు గొలుసు. మందపు అడుగుగల బూట్లు. ఈ ఫక్కి మొదట హార్లెమ్ మొదలగు నల్లజాతివారి పేటలలో పుట్టినది. నాట్యశాలల సంగీతముతో పాటు దేశమంతట వ్యాపించినది. కూలిపని చేయు కుఱ్ఱవాడు వారములకొలది కూలి కూడబెట్టి దీనిని కుట్టించుకొనెడివాడు. ఏ నగరమువారు తన్ను చూచియు చూడనట్లు పోవుచుండిరో, ఆ నగరమున ఇక నెవ్వరును తన్ను చూడక తప్పించుకొనరాదని ఆ కోటు పలుకుచుండెను.

ఆడపిల్లలు జుట్టును ఎత్తుగా ముడిచి, పెదవులకు ముదురు రంగు పూసి, మోకాలికి పైన నిలుచు పావడ తొడిగిరి. కొందరు మగవారి పొడవు కోటునే వేసికొనిరి. పెద్దలు తోడు లేక గడప దాటరాని ఇండ్లనుండి వచ్చిన పిల్లలు వీరు. కావున వారి ప్రతిఘటన నగరముపై మాత్రమే కాదు, తమ ఇంటి కట్టుబాటుపై కూడ. ఈ సంగతిని మనము దాచిపెట్టరాదు.

ఇక భాష. దానికి "కలో" అని పేరు. స్పెయిను దేశపు జిప్సీల పలుకుబడినుండి వచ్చిన పదములు, మెక్సికో పల్లెల పాతమాటలు, ఇంగ్లీషు పదములకు స్పానిషు తోక తగిలించినవి కలసి అది ఏర్పడెను. బూట్లు స్పానిషులో "జపాతోస్", వీరికి "కాల్కోస్". టోపీ వీరికి "తాందో". స్నేహితుని "కార్నాల్" అందురు. కండ పంచుకొన్నవాడని అర్థము. తల్లికి సగము తెలియదు, ఉపాధ్యాయునికి అసలే తెలియదు. జార్జి బార్కర్ అను పండితుడు టూసాన్ నగరమున ఈ భాషను పరిశీలించి 1950లో ఒక గ్రంథము ప్రకటించెను. కలోను చెడిపోయిన స్పానిషని త్రోసివేయక, ఒక బృందమువారిని ఒకటిగా పట్టియుంచు సాధనముగా ఆయన చూచెను. పెద్దలు చెవులు మూసికొన్నచోట పండితుడు చెవియొగ్గెను.

వీరందరు బుద్ధిమంతులని నేను చెప్పబోను. పేటకును పేటకును కొట్లాటలుండెను. కత్తులు దాచుకొన్నవారును ఉండిరి. కాని ఆ సూటు తొడిగినవారిలో అత్యధికులకు అది శనివారపు నాట్యమునకు పోవు వేషము మాత్రమే. అదే కాలమున లక్షలాది మెక్సికను అమెరికను యువకులు సైన్యమున చేరి యుద్ధమునకు పోయిరి. వారిలో ఎందరో ముందటి సంవత్సరమున జూట్ సూటు తొడిగినవారే.

1942లో యుద్ధనిమిత్తము ఉన్నిబట్టపై ప్రభుత్వము నియంత్రణ విధించెను. అంతటితో అంత బట్టతో కుట్టిన సూటు దేశద్రోహపు గుర్తుగా కనబడసాగెను. ఆ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన నగరము వెలుపల స్లీపీ లగూన్ అను నీటిగుంట సమీపమున హోసే దియాస్ అను యువకుడు గాయములతో పడియుండి మరణించెను. అతడు 22 ఏండ్లవాడు, సైన్యమున చేరబోవుచున్నవాడు. పోలీసులు సుమారు 600 మంది యువజనులను పట్టుకొనిరి. 22 మందిని ఒకే పంక్తిన నిలిపి విచారించిరి. విచారణలో చాలకాలము వారిని జుట్టు కత్తిరించుకొననీయలేదు, బట్ట మార్చుకొననీయలేదు. మాసిన వేషమే నేరమునకు సాక్ష్యముగా నిలువవలెనని కాబోలు. షెరీఫు కార్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ డ్యురాన్ ఏర్స్ అను అధికారి, ఈ జాతివారికి హింస పుట్టుకతోనే వచ్చినదని, ప్రాచీన ఆజ్‌టెక్కుల నరబలులను ప్రస్తావించుచు, గ్రాండ్ జూరీకి నివేదిక నిచ్చెను. 1943 జనవరిలో 17 మంది నేరస్థులని తీర్పు వచ్చెను. దీనిని అన్యాయమని తలచినవారు కమిటీగా ఏర్పడి చందాలు కూర్చి పోరాడిరి. 1944 అక్టోబరులో పై న్యాయస్థానము, సాక్ష్యము చాలదనియు, న్యాయాధిపతి పక్షపాతము చూపెననియు చెప్పి ఆ తీర్పును కొట్టివేసెను.

ఈ నడుమనే 1943 జూను 3వ తేదీ రాత్రి అసలు అనర్థము మొదలయ్యెను. నౌకాదళ శిక్షణాలయమునుండి సుమారు 50 మంది నావికులు కఱ్ఱలు పట్టుకొని బయలుదేరి, జూట్ సూటు తొడిగిన వారినెల్ల కొట్టిరి. మొదటి రాత్రి ఒక సినిమాశాలలో వారికి చిక్కిన వారిలో 12, 13 ఏండ్ల బాలురుండిరి. మరుసటి రాత్రులలో నావికులు టాక్సీలు కట్టించుకొని మెక్సికనుల పేటలకు పోయిరి. సినిమాశాలలలో దీపములు వేయించి, యువకులను బయటి కీడ్చి, నడివీధిలో కోట్లు ఊడదీసి, చించి, తగులబెట్టిరి. సూటు లేని మెక్సికనులును, నల్లజాతివారును, ఫిలిపినోలును దెబ్బలు తినిరి. పోలీసులు దెబ్బలు తిన్నవారినే వందలకొలది బంధించిరి. పత్రికలు పెక్కు దీనిని నగర శుద్ధీకరణముగా వర్ణించెను. చివరకు జూను 8వ తేదీన నౌకాదళాధికారులు తమవారెవ్వరు నగరమున అడుగుపెట్టరాదని ఆజ్ఞాపించిరి, అల్లరి అణగెను. మరునాడు నగరసభ నిషేధించ తీర్మానించినది కొట్టుటను కాదు, జూట్ సూటును! ఆ తీర్మానము చట్టముగా అమలునకు రాలేదు.

అధ్యక్షుని సతీమణి ఎలినార్ రూజ్వెల్టు తన పత్రికా శీర్షికలో, ఈ అల్లరి మూలములు దీర్ఘకాలముగా సాగిన వివక్షలో నున్నవని వ్రాసినందులకు ఆమెనే నిందించిరి. కాని గవర్నరు ఎర్ల్ వారెన్ నియమించిన విచారణ సంఘము కూడ జాతి దురభిమానమే ప్రధాన కారణమని చెప్పెను.

పరాయివారి మాట అట్లుండగా, స్వజనుల మాట ఏమి? మెక్సికో కవి ఒక్టావియో పాస్ ఆ కాలమున లాస్ ఏంజెలిస్‌లో కొంతకాలము నివసించెను. ఏకాంతమును గూర్చి 1950లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథమున మొదటి వ్యాసమును ఈ పచూకోల గూర్చియే వ్రాసెను. వీరు తాతల మెక్సికోకు మరలరు, అమెరికా జీవనమున కలియరు. వీరిది వట్టి నిరాకరణము అని ఆయన భావము. తరువాతి తరపు మెక్సికను అమెరికను రచయితలు ఇందుకు అంగీకరింపలేదు. రెంటిని కాదనుట కాదు, రెంటినుండి మూడవదానిని నిర్మించుకొనుట అని వారి వాదము. నాకు రెండవ వాదమే సబబుగా తోచుచున్నది. ఏమనగా, నిరాకరణము మాత్రమే యైనచో దానినుండి ఏమియు పుట్టియుండదు. యౌవనమున ఆ వేషము వేసిన సీజర్ చావెజ్ 1962లో వ్యవసాయ కార్మికుల సంఘమును స్థాపించి దేశమంతట పేరుగాంచెను. బోస్టనులో జూట్ సూటుతో తిరిగిన నల్లజాతి యువకుడొకడు అనంతరకాలమున మాల్కమ్ ఎక్స్ అయ్యెను.

అయితే వేషము తలుపు తట్టునే కాని తలుపు తెరువజాలదు. తలుపు తెరచిన వారు వేరు. ఈ సభలో చెప్పదగిన ముఖ్య విషయ మిదియే.

లాస్ ఏంజెలిస్ ప్రక్కనున్న ఆరెంజి మండలములో వెస్ట్‌మినిస్టరు అను ఊర గొన్సాలో మెండెస్, ఫెలిసితాస్ మెండెస్ అను దంపతులు కౌలునకు భూమి చేయుచుండిరి. ఒకనాడు మేనత్త, తన పిల్లలతో పాటు వీరి పిల్లలను కూడ దగ్గరి బడిలో చేర్పింప తీసికొనిపోయెను. ఆమె పిల్లలు తెల్లగా నుండుటచే చేర్చుకొందుమనిరి. మెండెస్ పిల్లలు నల్లగా నుండుటచే మెక్సికను బడికి పొమ్మనిరి. ఆమె ఎవ్వరిని చేర్పింపకయే తిరిగివచ్చెను. గొన్సాలో ఇతర తల్లిదండ్రులను కూడగట్టెను. అతడు వ్యాజ్యము పనిపై తిరుగుచుండ, ఫెలిసితాస్ పొలము నడిపెను. 1945లో ఐదు కుటుంబములవారు, సుమారు 5,000 మంది పిల్లల పక్షమున, న్యాయస్థానమున దావా వేసిరి. పిల్లలకు ఇంగ్లీషు రాదు కనుక వేరు బడి యని అధికారులు వాదించిరి. ఒక బాలిక సాక్షిపీఠ మెక్కి చక్కని ఇంగ్లీషులో సమాధానములు చెప్పెను! 1946 ఫిబ్రవరిలో న్యాయాధిపతి పాల్ మెకార్మిక్ ఆ వేర్పాటు చెల్లదని తీర్పు చెప్పెను. 1947 ఏప్రిలులో పై న్యాయస్థానము దానిని బలపరచెను. ఆ యేడే గవర్నరు వారెన్ కాలిఫోర్నియాలో వేరుబడుల చట్టమును రద్దుపరచెను. ఆయనయే 1954లో అమెరికా ప్రధాన న్యాయమూర్తిగా దేశమంతట వేరుబడులు చెల్లవని తీర్పు వ్రాసెను.

పిల్లలు వీధిలో కోటుతో అడిగిన ప్రశ్ననే తల్లిదండ్రులు న్యాయస్థానమున కాగితముపై అడిగిరి: మాకును ఇక్కడ చోటున్నదా?

సగము సమాధానమే వచ్చెను. బడి ద్వారము తెరువబడినది. భాష మాత్రము వెలుపలనే నిలిచిపోయెను. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలిస్ ఉన్నత పాఠశాలలనుండి పదివేలకు పైగా విద్యార్థులు తరగతులు విడిచి వీధికి వచ్చిరి. తమ చరిత్ర నేర్పవలెనని, రెండు భాషలలో బోధ ఉండవలెనని, స్పానిషు మాటాడినందుకు దండింపరాదని వారు కోరిరి. వారిలో కొందరు గోధుమరంగు టోపీలు ధరించిరి; వేషము మరల వచ్చినది, కాని ఈసారి చేత కోరికల జాబితా యుండెను. సాల్ కాస్ట్రో అను ఉపాధ్యాయుడు వారి పక్షమున నిలిచి, నిర్బంధింపబడి, ఉద్యోగము పోగొట్టుకొనెను. తల్లిదండ్రులును విద్యార్థులును విద్యామండలి కార్యాలయమున బైఠాయించి ఆయనను తిరిగి ఉద్యోగమున నిలిపించిరి. ఇరువది యైదేండ్లలో పిల్లలు కోటునుండి కోరికల జాబితాకు వచ్చుటకు కారణము, వారి ప్రక్కన నిలిచిన పెద్దలని నా విశ్వాసము.

ఇక మన సంగతి. మన పిల్లలపై నావికులెవ్వరు దండెత్తి రాలేదు. మన పొరుగువారైన ఒడియా సోదరులతో మనది ఇచ్చిపుచ్చుకొను జీవనము. మన రాజ్యాంగము 30వ అధికరణమున భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు నెలకొల్పుకొను హక్కు నిచ్చినది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను రాష్ట్రముల బాధ్యతగా చెప్పినది. బలవంతముగా వేరుపెట్టిన బడి వేరు, మన ఇచ్ఛతో మనము కట్టుకొన్న బడి వేరు. మెండెస్ దంపతులు పోరాడినది మొదటిదానిపై. మనము కాపాడుకొనుచున్నది రెండవదానిని.

కాని హక్కువలన బడి నిలుచును. పిల్లవాని మనస్సు నిలుచునా? వేసవి సెలవులలో మన పిల్లలు శ్రీకాకుళమునకో విశాఖపట్టణమునకో పోయినపుడు అచ్చటి బంధువులు, "ఇదేమి తెలుగురా!" అని నవ్వుదురు. ఇచ్చట తోటివారికి వారు తెలుగువారు. ఇంటికి వచ్చినపుడు మనమును నవ్వినచో వారు నిలువదగిన చోటు ఎచ్చట? అట్టి చోటు దొరకనపుడు వారు తమ జుట్టులోను, బట్టలోను, కలగలుపు మాటలోను దానిని కట్టుకొందురు. దానిని కూలద్రోయుటకు ముందు, వారికి మనమిచ్చు చోటేదో చూపవలసియున్నది.

"మొక్కై వంగనిది మ్రానై వంగునా" యని మనవారు తరచు చెప్పుదురు. నిజమే. కాని మొక్కను వంచువాడు దాని వ్రేళ్ల చుట్టు మట్టి ఉన్నదో లేదో మొదట చూచుకొనవలెను. అందులకు మనకు సాధ్యమైనవి కొన్ని మనవి చేసెదను.

ఒకటి: వేషమును, నడతను వేరు వేరుగా చూతము. పరులను కొట్టుట, మత్తుపదార్థములు ముట్టుట, ఆడపిల్లలను బాధించుట నడతలోని దోషములు. వానియెడ కాఠిన్యము ఉండవలసినదే. జుట్టు దువ్వుకొను తీరు దోషము కాదు. రెంటికి ఒకే శిక్ష విధించినచో పిల్లవాడు రెంటిని ఒకటిగానే తలచును.

రెండు: కలగలుపు తెలుగును ఎగతాళి చేయకుందము. ఎగతాళికి గురియైన పిల్లవాడు మంచి తెలుగు నేర్చుకొనడు, తెలుగే మానివేయును. మంచి తెలుగు మంచి పుస్తకమువలన, ఇంట పెద్దలతో నిదానముగా సాగు సంభాషణవలన వచ్చును. మన బరంపురపు పలుకుబడికి నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. అందులోని ఒడియా మాట అప్పు కాదు, పొరుగుతనపు గుర్తు.

మూడు: పాఠశాలలో వారికి మాటాడు చోటు కల్పింతము. ఈ వార్షిక సంచికలో పెద్దల సందేశములకు పుటలు చాలినన్ని గలవు. కొన్ని పుటలు విద్యార్థులకే విడిచి, వారి మాటను వారి తీరుననే అచ్చువేయుదము. అందు బాలికల వ్రాతలు బాలుర వ్రాతలతో సమముగా నుండవలెను.

నాలుగు: మన భాషనో పుట్టుకనో పట్టి ఎవరైన మన బిడ్డను కించపరచినపుడు, "నీవేమి చేసితివి?" అని మొదట బిడ్డనే నిలదీయకుందము. ఆ మేనత్తవలె చేయి పట్టుకొని ఇంటికి తీసికొనివత్తము. పిమ్మట ఆ తండ్రివలె న్యాయమార్గమున అడుగుదము.

ఉపాధ్యాయులకు ఒక్క మాట. సూటు ఊడదీసినవాడెవ్వడును ఆ పిల్లలలో ఒక్కనినైనను మార్చలేదు. వారి భాష వినుటకు చెవియొగ్గినవారు మార్చిరి. ఈ పాఠశాలలో అట్టి చెవి మన పిల్లలకు లభించునని నమ్ముచున్నాను.